పోస్టు నుంచి ఫైలు దాకా

ఆన్‌లైన్‌లో గొంతెత్తడం గురించి, దాన్ని ప్రభుత్వం దాకా తీసుకెళ్లడం గురించి వచ్చిన ప్రశ్నల్లో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

మా ఊరి చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నీరు నిలిచే నేలలో, ప్రహరీ లేపుతున్నారు. వీడియో తీసి పెడితే వేల షేర్లు వచ్చాయి. కలెక్టర్ గారి ఖాతాను కూడా ట్యాగ్ చేశాం. నెల దాటినా ఒక్కరూ రాలేదు. ఇంకేం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, సంగారెడ్డి జిల్లా

మీ వీడియోను వేలమంది చూశారు, కానీ ఏ ఆఫీసు ఇన్‌వర్డ్ రిజిస్టరులోనూ అది ఎక్కలేదు. ట్యాగ్ చేసిన పోస్టుకు ఫలానా గడువులోగా జవాబు చెప్పాలని ఏ అధికారి మీదా బాధ్యత లేదు. అర్జీ ఇచ్చి నంబరు తీసుకుంటే ఆ బాధ్యత మొదలవుతుంది. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి. ఆంధ్రప్రదేశ్ పాఠకులకైతే పీజీఆర్‌ఎస్ అనే ఫిర్యాదుల వ్యవస్థ ఉంది. సోమవారం కలెక్టరేట్‌లోనో, గ్రామ సచివాలయంలోనో, 1100 నంబరుకు ఫోన్ చేసో నమోదు చేయించుకోవచ్చు.

అర్జీలో ఏం ఉండాలన్నది అసలు విషయం. "మా చెరువును కాపాడండి" అని రాస్తే అది ఏ సెక్షన్‌కు పోవాలో అక్కడి గుమస్తాకు తెలియదు. గ్రామం, మండలం, చెరువు పేరు, సర్వే నంబరు, గోడ ఏ దిక్కున ఎంత దూరం కట్టారు, ఏ తేదీన చూశారు అన్నవి రాయండి. సర్వే నంబరును తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలోనూ, గ్రామ పటంలోనూ సరిచూసుకోండి. ఒక్క అంకె తేడా వస్తే "సదరు సర్వే నంబరులో ఆక్రమణ లేదు" అని రాసి చేతులు దులుపుకుంటారు, ఆ జవాబు అబద్ధం కూడా కాదు. చెరువు పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ హద్దు, నీటిపారుదల శాఖ దగ్గర ఉంటుంది. కాబట్టి అర్జీ ఒక్క తహసీల్దార్‌కే ఇస్తే చాలదు, నీటిపారుదల శాఖకు, పంచాయతీకి కూడా ప్రతి ఇవ్వాలి. ఎఫ్‌టీఎల్ అవతల బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన మేర, కూడా ఉంటుందని చాలామందికి తెలియదు. 2012 నాటి 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. గోడ నీటిలో లేకపోయినా బఫర్‌లో ఉంటే ఆ మాటే స్పష్టంగా రాయండి. మీ ఊరు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉంటే, చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రాకు కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఫొటోల విషయంలో దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, తీసిన సమయం, స్థలం వివరాలు అందులోంచి చెరిగిపోతాయి. అదే ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపితే అసలు ఫైలు అలాగే వెళుతుంది. తీసిన ఫోనులో ఒరిజినల్‌ను ఉంచండి, ఇంకో చోట నకలు దాచండి. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే సంకేతం, రాయాలి. నాలుగు గ్రూపులు తిరిగి వచ్చిన వీడియోకు ఆ ధ్రువపత్రం ఇచ్చేవారు దొరకరు.

షేర్లు వృథా అనడం లేదు. వాటిని వాడుకోవాల్సింది ఇప్పుడే. అర్జీ నంబరు, ఇచ్చిన తేదీ, ఏ శాఖ దగ్గర ఉంది అన్నవి ఒక పోస్టులో రాసి పైన పిన్ చేయండి. వారానికోసారి దాని కిందే స్థితి చేర్చండి. మీ వీడియో చూసి కోపం తెచ్చుకున్న వందమంది ఇప్పుడు ఒకే నంబరు గురించి అడుగుతారు, ఆఫీసులో కూడా ఒకే ఫైలు కదులుతుంది. అలా కాకుండా వందమందీ ఒకే కాగితాన్ని వందసార్లు ఇస్తే వాటన్నింటినీ ఒకటిగా కట్టగట్టి ఒకే జవాబుతో మూసేస్తారు. ఆయకట్టు రైతు నీటి సంగతి, చేపల సొసైటీ సభ్యుడు వలల సంగతి, పక్క కాలనీవాళ్లు వానాకాలం ముంపు సంగతి ఎవరికి వారు రాస్తే నాలుగైదు అర్జీలే చాలు.

పోస్టులో ఎవరి పేరూ పెట్టి "కబ్జాకోరు" అనవద్దు. "ఫలానా సర్వే నంబరులో ఫలానా తేదీన ఈ గోడ కనిపించింది" అనండి. కబ్జా అవునో కాదో సర్వేయర్ తేల్చాలి.

మా వార్డులో వేసిన సిమెంటు రోడ్డు ఆరు నెలలకే పగిలింది. కేంద్రం ఆర్టీఐ పోర్టల్‌లో పది రూపాయలు కట్టి దరఖాస్తు పెడితే వెనక్కి పంపారు, డబ్బూ పోయింది. మాకు సమాచారం ఇవ్వరా?
– ఒక గృహిణి, తెనాలి

ఇస్తారు. మీరు తట్టిన గుమ్మం వేరు, అంతే. ఆ పోర్టల్ కేంద్ర ప్రభుత్వ శాఖల కోసం. రాష్ట్ర శాఖలకు, మున్సిపాలిటీలకు సంబంధించిన దరఖాస్తు అందులో పెడితే రుసుము తిరిగివ్వకుండా వెనక్కి పంపుతామని దాని నిబంధనల్లోనే ఉంది. రాష్ట్ర ఆఫీసులకైతే రాష్ట్ర పోర్టల్‌లో మీ మున్సిపాలిటీ పేరు జాబితాలో కనిపిస్తే అక్కడ, కనిపించకపోతే 'పౌర సమాచార అధికారి, మున్సిపల్ కార్యాలయం' అని రాసి స్పీడ్ పోస్టులో పంపండి, లేదా స్వయంగా ఇచ్చి రసీదు తీసుకోండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, మిగతా వాటికి 10. తెల్లరేషన్ కార్డు ఉన్నవారు దాని నకలు జతచేస్తే ఏమీ కట్టనక్కర్లేదు.

ఇక ప్రశ్నలు. "రోడ్డు ఎందుకు పగిలింది? బాధ్యులపై చర్యలు ఎందుకు తీసుకోలేదు?" అని అడిగితే "ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు" అని జవాబు వస్తుంది. చట్టం రికార్డులో ఉన్నదాన్ని ఇమ్మంటుంది కానీ అధికారి చేత కారణాలు కొత్తగా రాయించదు. అందుకని కాగితాన్ని దాని పేరుతోనే అడగాలి. మీ రోడ్డుకు కావాల్సినవి ఇవి: పని మంజూరు ఉత్తర్వు, అంచనా ప్రతి, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఆ పనికి సంబంధించిన ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ పరీక్ష నివేదికలు, చెల్లించిన బిల్లులు, లోపాలు సరిదిద్దాల్సిన గడువు ఎప్పటిదాకా ఉందో తెలిపే పేజీ. వీటిలో ఆ చివరిదే ముందు చూడండి. గడువు ఇంకా నడుస్తుంటే కాంట్రాక్టరే తన ఖర్చుతో బాగుచేయాలి.

ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, మందం కొలిచి రాస్తారు. అందులో మందం 15 సెంటీమీటర్లని ఉండి, పగిలిన అంచు దగ్గర టేపు పెడితే 9 కనిపించిందనుకోండి, మీ చేతిలో మాట కాదు, రుజువు ఉన్నట్టు. ఇంకా ముందుకు వెళ్లాలంటే సమాచార హక్కు చట్టం 2(జె) కింద పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనా తీసుకునే హక్కు పౌరులకు ఉన్నాయి. దీన్ని వాడుకునేవారు చాలా తక్కువ, వాడుకోవాలి. కాగితాలు వందల పేజీలుంటే నకళ్లకు పేజీకి 2 రూపాయల చొప్పున కట్టే బదులు ముందు ఫైలు తనిఖీ కోరండి. మొదటి గంటకు రుసుము లేదు. కావాల్సిన పేజీలు గుర్తుపెట్టుకుని వాటికే నకళ్లు అడగవచ్చు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా, అక్కడి నుంచి 30 రోజుల్లో అదే ఆఫీసు అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయాలి. దానికి రుసుము లేదు. ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఎక్కువమంది మొదటి మౌనం దగ్గరే ఆగిపోతారు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి నకలు రుసుము కూడా వసూలు చేయకూడదని 7(6) సెక్షన్ చెబుతోంది, ఆ నంబరు అప్పీలులో తప్పక రాయండి.

వచ్చిన కాగితాలను ఆన్‌లైన్‌లో పెట్టే ముందు కూలీల, చిరుద్యోగుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఆధార్ అంకెలు నల్లగా కొట్టేయండి.

ముసాయిదా చట్టాలపై అభిప్రాయాలు పంపమని లింకులు వస్తుంటాయి. నొక్కితే తయారుగా ఉన్న ఈమెయిల్ వెళ్లిపోతుంది. ఇలాంటివి అసలు ఎవరైనా చదువుతారా?
– ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

మన దేశంలోనే జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. 2015 మార్చి 27న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్నెట్ సేవల మీద ఒక చర్చాపత్రం విడుదల చేసి 20 ప్రశ్నలు అడిగింది. పత్రం నూరు పేజీలకు పైమాటే, మామూలు మనిషి చదివేది కాదు. కొందరు వాలంటీర్లు ఆ 20 ప్రశ్నలకూ జవాబులు రాసి, ఎవరైనా మార్చుకుని పంపేలా వెబ్‌సైట్‌లో పెట్టారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. అదే ఏడాది డిసెంబరులో, సైటును బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడం మీద ట్రాయ్ మరో పత్రం ఇచ్చింది. అప్పుడు ఫేస్‌బుక్, కొన్ని సైట్లనే ఉచితంగా చూపే తన 'ఫ్రీ బేసిక్స్' పథకానికి మద్దతుగా లక్షల మంది వాడుకరుల చేత సందేశాలు పంపించింది. వాటిలో ట్రాయ్ అడిగిన ప్రశ్నలకు జవాబే లేదు. అది సంప్రదింపును ఓట్ల లెక్కగా మార్చడమేనని ట్రాయ్ గట్టిగా తప్పుపట్టింది. 2016 ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది.

రెండూ ఒక నొక్కుతో వెళ్లిన సందేశాలే. మొదటివి అడిగిన ప్రశ్నకు కట్టుబడ్డాయి, రెండోవి కట్టుబడలేదు. కాబట్టి తయారుగా ఉన్న ఈమెయిల్‌ను తప్పుపట్టనక్కర్లేదు, కానీ పంపే ముందు మీ సొంత పేరా ఒకటి చేర్చండి. నోటిఫికేషన్ నంబరు, తేదీ, మీరు మాట్లాడుతున్న క్లాజు నంబరు, అందులో ఏ మాట మీద అభ్యంతరం, దాని బదులు ఏం ఉండాలి, ఎందుకు అన్నది అయిదారు వాక్యాల్లో సరిపోతుంది. "మొత్తం వెనక్కి తీసుకోండి" అన్నది మీ అభిప్రాయమైతే అదీ రాయండి, దాని కింద కనీసం రెండు క్లాజులనైనా ఉదహరించండి. అభిప్రాయాలను క్లాజులవారీ పట్టికలో వేసుకునే అధికారికి క్లాజు నంబరు లేని ఉత్తరాన్ని ఏ గడిలో పెట్టాలో తెలియదు.

ఇంకో జాగ్రత్త. 2015లో ట్రాయ్ ఆ లక్షల మంది పేర్లు, ఈమెయిల్ చిరునామాలు తన వెబ్‌సైట్‌లో పెట్టేసింది. బ్యాంకుకు ముడిపడి ఉన్న చిరునామాతో ఇలాంటివి పంపవద్దు, వేరే ఖాతా తెరుచుకోండి.

గడువు విషయానికొస్తే, చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014 నాటి కేంద్ర విధానం చెబుతోంది. పర్యావరణ నోటిఫికేషన్లకు సాధారణంగా 60 రోజులు ఉంటుంది. పత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉందని ఊరుకోవద్దు. 2020లో ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) ముసాయిదా మీద ఢిల్లీ హైకోర్టు గడువును ఆగస్టు 11 దాకా పొడిగించి, ఎనిమిదో షెడ్యూల్ భాషలన్నింటిలోకీ అనువదించమంది. అభిప్రాయం తెలుగులోనే రాసి పంపండి, మొదటి వాక్యంలో తెలుగు అనువాదం కావాలని కోరండి.

సిమెంటు ఫ్యాక్టరీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. మేం ఫేస్‌బుక్ లైవ్ ఇద్దామనుకుంటున్నాం. అది చాలా?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

లైవ్ ఇవ్వండి, కానీ మినిట్స్, అంటే సభలో అధికారులు రాసుకునే రికార్డు, మీద కన్ను వేయండి. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ఒక ప్రధాన జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక, దాని తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత స్థానిక సంస్థల దగ్గర చూడటానికి ఉండాలి. ఎక్కడైనా లేకపోతే ఆ రోజే ఫొటో తీసి కాలుష్య నియంత్రణ మండలికి ఈమెయిల్ చేయండి. సభలో చెప్పినదానికంటే ఇది చాలాసార్లు బలమైన అభ్యంతరం అవుతుంది.

సభకు కోరం, అంటే ఇంతమంది రావాలన్న కనీస లెక్క, లేదు. పదిమందే వచ్చినా అది జరిగినట్టే లెక్క, అందుకని బహిష్కరించే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మాట్లాడేవారు మైకులో చెప్పిందే కాగితం మీద రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద సంతకం, తేదీ తీసుకోవాలి. బోర్లలో నీరు ఎంత లోతుకు పోయిందో, దుమ్ము ఏ పొలాల మీద పడుతోందో సర్వే నంబర్లతో చెబితే ఆ నివేదికలోని లెక్కలతో పోల్చడానికి వీలవుతుంది. సభ చివర సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలన్నది నిబంధన. ఆ సమయానికి జనం భోజనాలకు వెళ్లిపోతారు. కనీసం ఇరవై మంది ఉండి వినండి, వదిలేసిన అంశాలను అక్కడికక్కడే చేర్పించండి. ప్రభుత్వం కూడా సభను వీడియో తీయాలి, మీ లైవ్ రికార్డు దాంతో సరిచూసుకోవడానికి పనికొస్తుంది. లైవ్ అయిపోగానే ఆ ఫైలును ఫోనులోకి దించుకోండి. పల్లెల్లో నెట్ ఆగిపోతే లైవ్ ముక్కలవుతుంది, అందుకని రెండో ఫోనుతో మామూలు రికార్డింగ్ కూడా పెట్టుకోండి.

ఏఐతో చేసిన బొమ్మను పోరాటానికి మద్దతుగా షేర్ చేశాను. పోలీసు నోటీసులు వస్తాయని స్నేహితులు భయపెడుతున్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

2025 వసంతంలో ప్రభుత్వం చెట్లు నరికించిన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల విషయంలో జరిగింది గుర్తు చేసుకోండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు తీసిన వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా కేసు చేపట్టి చెట్ల నరికివేతను ఆపింది. హైకోర్టు రిజిస్ట్రార్‌ను అదే రోజు అక్కడికి పంపి నివేదిక తెప్పించుకుంది. నెమళ్లు, జింకలు అక్కడ ఉన్నాయని ఆ నివేదికలోనే తేలింది. అంత బలమైన నిజం చేతిలో ఉండగా, ఎవరో తయారుచేసిన ఏఐ బొమ్మలు దానికి తోడై తిరిగాయి. ఇక చర్చంతా నకిలీ బొమ్మల మీదికి మళ్లింది. ప్రభుత్వం వాటిని పట్టుకుంది, రీపోస్టు చేసిన ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా పోలీసు నోటీసు వెళ్లింది. నకిలీ బొమ్మతో నష్టపోయింది నిజమైన వీడియో తీసిన విద్యార్థులే. అందుకని వాస్తవ ఘటన గురించిన పోస్టులో ఏఐ బొమ్మ పెట్టకపోవడమే మంచిది. పోస్టరు గీయించుకుంటే 'ఏఐ చిత్రం' అన్న మాట బొమ్మ మీదే పడాలి, ఫార్వర్డ్ చేసినప్పుడు కింది రాత ఊడిపోతుంది.

చెట్లు నరికారని చూపడానికి బొమ్మలక్కర్లేదు. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితం, సుమారు అయిదు రోజులకోసారి కొత్తవి వస్తాయి. ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అంటే ఎకరం సుమారు 40 చుక్కలు. గోడ కనిపించదు కానీ ఎకరాల కొద్దీ పచ్చదనం పోతే స్పష్టంగా కనిపిస్తుంది. మబ్బులేని రెండు తేదీలు ఎంచుకుని పక్కపక్కన పెట్టండి. వానాకాలంలో మబ్బుల వల్ల వారాల తరబడి మంచి చిత్రం దొరకకపోవచ్చు.

చట్టం సంగతి. ఆన్‌లైన్‌లో 'అభ్యంతరకర' సందేశాలను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, దాని కింద ఇప్పుడు కేసు పెట్టకూడదు. ఇప్పుడు ఎక్కువగా వాడేవి భారతీయ న్యాయ సంహితలోని 196 (వర్గాల మధ్య వైరం రేపడం), 353 (అలజడి రేపే తప్పుడు మాటలు) సెక్షన్లు. మాటలకు, రాతలకు సంబంధించిన నేరాల్లో శిక్ష మూడు నుంచి ఏడేళ్ల లోపు పడేవైతే, ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపడమే సరైన పద్ధతని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో పోలీసులు పాటించాల్సినవి తెలంగాణ హైకోర్టు కూడా అదే ఏడాది సెప్టెంబరులో నిర్దేశించింది.

నోటీసు వస్తే అది భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) సెక్షన్ కింద వచ్చిందా, ఏ క్రైమ్ నంబరు, ఎప్పుడు హాజరవ్వాలి అన్నవి చూడండి. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అయినా వచ్చినదాన్ని దాచిపెట్టి కూర్చోవద్దు, వకీలుకు చూపించండి. నోటీసు ప్రకారం హాజరైతే మామూలుగా అరెస్టు చేయకూడదు, గైర్హాజరు అయితేనే చిక్కు. వకీలును అడగకుండా పోస్టు తొలగించవద్దు, సాక్ష్యం చెరిపారనే మాట పడుతుంది. వకీలుకు డబ్బులేకపోతే 15100 నంబరుకు ఫోన్ చేస్తే న్యాయసేవల సంస్థ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది.

డల్లాస్‌లో ఉంటున్నాం. మా ఊరి సమస్య మీద ఆన్‌లైన్ పిటిషన్ పెట్టి వేల సంతకాలు సేకరించాం. దీనికి చట్టబద్ధత ఉందా?
– ఒక ప్రవాస దంపతులు

లేదు. బ్రిటన్ పార్లమెంటు సైట్‌లో పది వేల సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. మన దగ్గర ప్రైవేటు సైట్లలో పెట్టే పిటిషన్లకు అలాంటి మెట్లు లేవు. లోక్‌సభకు ఇచ్చే పిటిషన్‌ను కూడా సాధారణంగా ఒక ఎంపీ సంతకం చేసి సభ ముందు పెడతారు.

అయినా సంతకాలు ఒత్తిడిగా పనికొస్తాయి. 2019లో నల్లమల యురేనియం మీద 'సేవ్ నల్లమల' అంటూ సోషల్ మీడియా హోరెత్తింది, సినీతారలూ గొంతు కలిపారు. అమ్రాబాద్ ప్రాంతంలో చెంచులు, స్థానికులు అప్పటికే అడ్డుకుంటున్నారు. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ ఏకగ్రీవ తీర్మానం చేసింది. నేల మీద మనుషులు లేకుండా హ్యాష్‌ట్యాగ్ ఒక్కటే అంతదూరం వచ్చేది కాదు.

మీరు చేయగలిగింది ఇది. సంతకాల జాబితాలో మీ ఊళ్లో ఓటున్న వారిని విడిగా తీసి, వారి చేత కాగితం మీద సంతకాలు పెట్టించి, ఎమ్మెల్యేకు, కలెక్టరుకు ఇప్పించండి. అంతా డల్లాస్, న్యూజెర్సీ చిరునామాలే ఉంటే పక్కన పెట్టేయడం తేలిక. సమాచార హక్కు భారత పౌరులకే ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు అక్కడి నుంచే దరఖాస్తు పెట్టవచ్చు, విదేశీ పౌరసత్వం తీసుకున్న ఓసీఐ కార్డుదారులు పెట్టలేరు, ఊళ్లో ఉన్న బంధువుల పేరుతో పెట్టించాలి. పాస్‌పోర్టు ఉన్నవారు ఫారం 6ఎ నింపి ఓటరుగా కూడా నమోదు కావచ్చు. ఓటు వేయడానికి మాత్రం పోలింగ్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్టుతో స్వయంగా ఆ బూతుకు రావాలి.